రెండు పేర్ల ఇల్లు

ముందుగా ఒక మాట. అక్షరాలలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ సరిగా కుదరవు. నా భర్త పోయిన తరువాత, తల నెరిశాక, సాయంత్రం బడిలో పలక పట్టినదాన్ని. ఒక పేజీ రాయాలంటే ఒక పూట పడుతుంది. చెయ్యి నిదానం కాబట్టి కథ కూడా నిదానంగానే నడుస్తుంది. ఓపిక చేసుకుని చదవండి.

బేతంచెర్ల నుంచి నాపరాళ్ళ గనుల మీదుగా పోయే దారిలో ఎర్రకొట్టాల అని ఒక ఊరుంది. ఆ ఊరి చివరి పేటలో చాలామందికి రెండేసి పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, చర్చిలో ఒకటి. జ్ఞానమణి మొగుడు కార్డులో మద్దిలేటి, చర్చిలో యేసుప్రసాద్. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఇంట్లో స్తుతి, బడిలో నాగజ్యోతి. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేసింది లేదు. స్తుతిని ఒకటో తరగతిలో చేర్చిన రోజున అయ్యవారే అన్నాడు, "ఈ స్తుతి గితి వద్దప్పా, రేపు సర్టిఫికెట్టు కాడ తిప్పలు పడతారు. ఏదన్నా మామూలు పేరు చెప్పు" అని. గోడ మీద పిల్లల పేర్లు రాసి ఉంటే, అందులో ఒకటి చూపించి, "ఇదే పెట్టండి సార్" అన్నాడు యేసుప్రసాద్. అంతటితో అయిపోయింది. ఊరందరికీ తెలిసిన సంగతే.

స్తుతి పదో తరగతిలో ఉండగా గని దగ్గర లారీకి బండలు ఎక్కిస్తుంటే దొంతర జారి యేసుప్రసాద్ పోయాడు. అప్పటినుంచి జ్ఞానమణి పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కడగడానికి పోయేది. ఆ పని లేని రోజుల్లో ఊళ్ళో కృష్ణవేణమ్మ ఇంటికి శనక్కాయలు వలవడానికి పోయేది. తల్లి కూలి చేతుల మీదనే స్తుతి ఇంటరు దాటింది. ఎస్సీ కోటాలో కడపలో నర్సింగు సీటు వచ్చింది. ఆ పేటలో ఆడపిల్ల హాస్టలుకు పోయి చదవడం అదే మొదలు.

స్తుతి కాలేజీకి పోయి ఇంకా తెల్లచీర కట్టడం కూడా సరిగా అలవాటు కాలేదు, ఊరి సచివాలయంలో పనిచేసే నరసింహ ఒక సాయంత్రం మోటారు సైకిలు ఆపి గుమ్మం ముందర నిలబడ్డాడు.

"జ్ఞానమణక్కా, నీ బిడ్డ మీద ఎవరో అర్జీ పెట్టినారు."

"నా బిడ్డ ఏం చేసెనప్పా?"

"ఏం చేయల్యా. మీరు చర్చికి పోతారని పెట్టినారు. చర్చికి పోయేటోళ్ళు ఎస్సీ కాదంట. బీసీ-సీ కిందికి వస్తారు. ఆ కింద సీటుకు మీ పాప మార్కులు చాలవు."

జ్ఞానమణికి సగమే అర్థమయింది. "మేము చర్చికి పోయేది నీకు తెలీదా? నీ చిన్నప్పుడు క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చి కేకు తిన్యావు కదా."

"నాకు తెలుసు అక్కా. ఊరికంతా తెలుసు. ఇప్పుడు గవర్మెంటుకు తెలిసింది, అదీ కష్టం."

"అయితే మేము ఎస్సీ కాకుండా ఎట్ల పోతాం? మా అబ్బ యాడివాడు, మా జేజి యాడిది?"

"క్రైస్తవంలో కులం ల్యాదు గదా అక్కా. అందుకని."

"కులం ల్యాదా?" అంది జ్ఞానమణి.

"కాగితంలో."

ముందటి రోజే జ్ఞానమణి కృష్ణవేణమ్మ ఇంట్లో శనక్కాయలు వలుస్తూ దాహమంటే, ఆమె ఎప్పటిలాగే చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసింది. ఈమె ఆదివారం ఎక్కడికి పోతుందో కృష్ణవేణమ్మకు బాగా తెలుసు. ప్రార్థన చేయించుకుని తన మనవడికి జ్వరం తగ్గిందని చెప్పింది కూడా ఆమే. నీళ్ళు మాత్రం పైనుంచే.

నరసింహ గొంతు తగ్గించి చెప్పాడు. వచ్చే వారం మండలం ఆఫీసు నుంచి ఒకాయన విచారణకు వస్తాడు. ఇల్లు చూస్తాడు, ఇరుగు పొరుగును అడుగుతాడు. అర్జీలో ఇంకొక మాట రాసినారు, వాళ్ళ నాయన సమాధి పోయి చూడండి, సిలువ ఉందో లేదో తెలుస్తుంది అని.

"నేను చెప్పినానని యాడా అనొద్దక్కా" అని బండి తిప్పుకుని పోయాడు.

జ్ఞానమణి మొదట పోయింది లేవి అయ్యగారి దగ్గరికి. ఆయన ఆ చర్చిలో ఇరవై ఏళ్ళుగా పాస్టరు. యేసుప్రసాదును పాతిపెట్టిన రోజు వానలో తడుస్తూ వాక్యం చదివింది ఆయనే. ఈమె చెప్పింది విని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నిన్ను నేను ఎరగను అని చెప్పమంటావా, జ్ఞానమణీ?"

"ఒక్క దినానికే అయ్యగారూ."

"ఒక్క దినం చెప్పినా చెప్పినట్లే కదమ్మా."

ఆయన గోడకున్న గడియారం వైపు చూసి, "ఆ వారం నాకు మైదుకూరులో కూటాలుండాయి. నేను ఊళ్ళో ఉండను. నన్ను అడిగేదానికి వాళ్ళకు కుదరదు" అన్నాడు. మైదుకూరులో ఆ వారం కూటాలేమీ లేవని ఆమెకు తెలుసు. ఆయన తనకు మేలు చేశాడో, తప్పించుకున్నాడో తేల్చుకోలేక చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి నడిచింది.

ఇంటికి దేవుడి పటం కావాలి. పక్క వీధిలో సుంకమ్మ ఉంది. వాళ్ళదీ అదే కులం, కాని చర్చికి రారు. మద్దిలేటి స్వామికి మొక్కుతారు. సుంకమ్మా జ్ఞానమణీ పాలిష్ ఫ్యాక్టరీలో ఒకే తొట్టి దగ్గర బండలు కడుగుతారు. సుంకమ్మ కూతురు శివలీల, స్తుతి ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. శివలీల కూడా నర్సింగు పరీక్ష రాసింది కాని సీటు రాలేదు.

సుంకమ్మ కారణం అడగకుండానే పటం గోడ మీది నుంచి దించి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది. "తూర్పు దిక్కు పెట్టుమే. ఎదురుగా కాళ్ళు చాపుకుని పండుకోవద్దు, ఆయప్పకు కోపం శానా" అంది.

పటం పెట్టడానికి జయపాల్ పెళ్ళాం క్రిస్టినా వచ్చింది. జయపాల్, యేసుప్రసాద్ ఒకే గనిలో రాయి కొట్టినవాళ్ళు. క్రిస్టినా నోరు ఊరుకునేది కాదు. బైబిలును బియ్యం డబ్బాలో దాచి, గోడ మీది వాక్యాల క్యాలెండరు చుట్టి అటక మీద పెట్టి, కుంకుమ పొట్లం విప్పింది. జ్ఞానమణి నుదుట ఇంత బొట్టు దిద్ది, వెనక్కి జరిగి చూసి, ఉన్నట్టుండి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"తుడుచు, తుడుచు వదినా!"

"యాల?"

"వాళ్ళల్లో మొగుడు పోయినోళ్ళకు బొట్టు ఉండదంట కదమ్మే! ఆ ఆఫీసాయన చూసి, ఇదేందిరా ముసల్ది కొత్తగా పెళ్ళి చేసుకునిందా అనుకుంటాడు."

జ్ఞానమణి తుడుచుకుంది. "అంటే ఆ దేవుని కాడా నాకు బొట్టు ల్యాదు, ఈ దేవుని కాడా ల్యాదు."

"నువ్వు యాడికి పోయినా ఇట్లనే ఉంటావు వదినా. నీకు మార్చేదానికేమీ ల్యాదు" అంది క్రిస్టినా. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి జ్ఞానమణి గోడకు ఆనుకుని కూలబడింది.

మిగిలింది సమాధి.

పేటవాళ్ళ సమాధులన్నీ వంక గట్టునే ఉంటాయి. చర్చికి పోయేవాళ్ళవీ, పోనివాళ్ళవీ కలిసే ఉంటాయి. కొన్నిటికి సిలువలున్నాయి, కొన్నిటికి లేవు. యేసుప్రసాద్ సమాధికి జయపాలే సిలువ చెక్కాడు. గనిలో ఎక్కడా చీలిక లేని నల్లబండ వెతికి, పని అయ్యాక కూర్చుని చెక్కేవాడు. దాని మీద చెయ్యి పెడితే నీళ్ళ మీద పెట్టినట్లు ఉండేది.

జ్ఞానమణి అడగ్గానే జయపాల్ బీడీ పారేశాడు. "నేను చెక్కింది నన్నే పగలగొట్టమంటాండావా వదినా?"

"నిన్ను కొట్టమన్లేదు. సమ్మెట ఇయ్యి."

"స్తుతికి తెలుసా?"

"దానికి చెప్పొద్దు. చెప్తే అది సీటే వద్దంటాది. నాయన పిచ్చి దానికి."

జయపాల్ సమ్మెటా ఉలీ తెచ్చి ఆమె ముందర పెట్టాడు. వంక దాకా వెంట వచ్చాడు కాని, గట్టు అవతల అటు తిరిగి కూర్చున్నాడు. జ్ఞానమణి ఇన్నాళ్ళూ రాయి కడిగిందే కాని కొట్టలేదు. మొదటి దెబ్బ ఉలి మీద పడక బొటనవేలి మీద పడింది. మొగుడు బతికి ఉంటే, పట్టుకునేది అట్ల కాదే అని తిట్టి ఉండేవాడు. ఆమె మళ్ళీ కొట్టింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చివరికి అడుగున విరిగి సిలువ పక్కకు ఒరిగింది. పిల్లను పట్టుకున్నట్లు రెండు చేతులా పట్టుకుని కింద పెట్టింది. జయపాల్ లేచి వచ్చి, మాట్లాడకుండా దాన్ని గోనెసంచిలో చుట్టి వంక ఇసుకలో పూడ్చిపెట్టాడు.

"లోపలి రాయి తెల్లగా కనపడతాండాది" అన్నాడు, విరిగిన చోటు చూసి.

జ్ఞానమణి పిడికెడు మట్టి తడిపి దాని మీద మెత్తింది.

విచారణకు వచ్చినాయన పేరు శివశంకర్. నడివయసు మనిషి. విసుక్కునే రకం కాదు. విచారణ సంగతి మాత్రం తెలిసిన స్తుతి పొద్దున రైలుకే దిగి, తలంటుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా సెల్‌ఫోన్‌లో చూసి పండుగలన్నీ నేర్చుకుని వచ్చింది. ఆయన నులకమంచం మీద కూర్చుని నీళ్ళు అడిగాడు. స్తుతి గ్లాసుతో ఇస్తే గడగడా తాగాడు. ఆ పేటలో నీళ్ళు తాగిన ఆఫీసరును వాళ్ళు చూసింది లేదు. జ్ఞానమణికి ప్రాణం లేచి వచ్చింది.

"ఏ దేవుణ్ణి మొక్కుతారమ్మా?"

"మద్దిలేటి స్వామిని సార్" అంది స్తుతి. "మా నాయనకు ఆ స్వామి పేరే."

"ఏ వారం?"

"శనివారం."

"ఇంట్లో ఆ దినం నీసు వండరా?"

"వండం సార్" అంది స్తుతి. పక్కన నిలబడిన క్రిస్టినా, "వారమంతా వండేదానికి యాడుండాది సార్, శనివారం మాత్రం ఏముంటాది" అంది. ఆయన కూడా నవ్వాడు. వీధిలో నలుగురిని అడిగాడు. సుంకమ్మ ముందుకొచ్చి, "మా పటమూ వాళ్ళ పటమూ ఒకటే సార్" అంది. అది నిజమే కదా. ఆయన ఏదో రాసుకుని లేచాడు. అంతా అయిపోయిందనుకున్నారు.

"సమాధి ఒకటి చూసి పోతాను. రాసినారు కాబట్టి చూడక తప్పదు."

జ్ఞానమణి ముందు నడిచింది. స్తుతి వద్దన్నా వెంట వచ్చింది. కాలేజీలో చేరిన తరువాత నాయన దగ్గరికి పోలేదని, ఎట్లాగూ పోతున్నారు కదా అని. నువ్వు ఇంటికాడ ఉండు అని జ్ఞానమణి రెండుసార్లు అంది. అంతకంటే గట్టిగా అంటే ఆఫీసాయనకు అనుమానం వస్తుందేమోనని ఊరుకుంది. దారిలో కూతుర్ని పక్కకు పిలిచి చెప్దామనుకుంది. నరసింహ పక్కనే నడుస్తున్నాడు, ఆయన ముందే ఉన్నాడు. చెప్పడానికి సందు దొరకలేదు.

గట్టు ఎక్కగానే శివశంకర్ సమాధులన్నీ ఒకసారి కలయచూశాడు. "ఏదమ్మా?"

జ్ఞానమణి వేలు చూపింది. ఎండకు మట్టి పగిలి కింద రాలింది, కాని అంత దూరం నుంచి కనబడేదేమీ కాదు. సిలువ లేని సమాధులు పక్కనే ఇంకో నాలుగున్నాయి. ఆయన తల ఆడించి వెనక్కి తిరగబోయాడు కూడా.

"అమ్మా, నాయన సిలువ యాడ?" అని అరిచింది స్తుతి.

అరిచి, పరుగున పోయి విరిగిన చోట చెయ్యి పెట్టింది. "ఎవరు పగలగొట్టినారు? అమ్మా, ఎవరో పగలగొట్టినారు చూడు! సార్, చూడండి సార్, మా నాయన సిలువ..."

అంతలో తాను ఏమన్నదో ఆ పిల్లకే తెలిసింది. నరసింహ నేల చూశాడు. శివశంకర్ దగ్గరికి వచ్చి, వంగి, విరిగిన రాయిని చూశాడు. దాన్ని ముట్టుకోలేదు.

జ్ఞానమణి ఆయన కాళ్ళకు అడ్డం పడింది. "నేనే కొట్టినా సార్. బిడ్డకు తెలీదు. దానికి ఏమీ తెలీదు సార్. నన్ను ఏమన్నా చేయండి."

"లే అమ్మా, లే." ఆయన రెండడుగులు వెనక్కి జరిగాడు. "నేను చూసింది రాస్తాను. తేల్చేది నేను కాదు."

"మీరు ఇది చూడకముందు ఎట్ల రాసింటారో అట్ల రాయండి సార్."

ఆయన గట్టు దిగాడు. నరసింహ మోటారు సైకిలు వెనక కూర్చుని పోయాడు.

తల్లీ కూతురూ అక్కడే కూర్చున్నారు. గనుల్లో మధ్యాహ్నం పేలుళ్ళు మొదలై నేల అదిరింది.

"కొట్టిందానికి కాదమ్మా" అంది స్తుతి. "నాకు చెప్పకపోతివి."

"చెప్పింటే ఒప్పుకుంటాంటివా?"

"ఒప్పుకోను."

"మరి?"

"ఒప్పుకోకపోయినా నోరు మూసుకునింటా కదా."

స్తుతి అరవకపోయి ఉంటే ఆయన వెనక్కి తిరిగి పోయేవాడా, ఒకటి రెండు అడుగులు వేసి చూసేవాడా? ఇంట్లో చూసినదానితోనే వీళ్ళు చర్చివాళ్ళని ముందే రాసుకున్నాడా? జ్ఞానమణి నరసింహను అడిగితే, "అది వద్దులే అక్కా ఇప్పుడు" అన్నాడు.

వానకాలం దాటాక కాగితం వచ్చింది. సర్టిఫికెట్టు రద్దు. కాలేజీవాళ్ళు స్తుతిని పిలిచి, మర్యాదగానే, ఇంటికి పొమ్మన్నారు. పై కోర్టుకు పోవచ్చని ఎవరో అన్నారు. కోర్టు కర్నూలులో కాదు, ఇంకా చాలా దూరంలో ఉందని కూడా వాళ్ళే అన్నారు. జయపాల్ వీధిలో నిలబడి గట్టిగా అరిచాడు: "గనిలో చచ్చేదానికి మాత్రం మేము ఎస్సీలమే కదప్పా!" వినవలసినవాళ్ళు ఎవరూ ఆ వీధిలో లేరు.

స్తుతి ఇంట్లో కూర్చోలేదు. వారం తిరక్కుండా తల్లితో పాటు పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చింది. మిషను దగ్గర రాతి దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకునేది. తల్లి చర్చికి పోవడం మానేసింది. లేవి అయ్యగారు రెండుసార్లు వచ్చి పిలిచాడు. ఆమె లోపలి నుంచి, "ఇంకా కాగితాలు అయిపోలేదయ్యగారూ" అనేది. కాగితాలు ఎప్పుడో అయిపోయాయి. ఆదివారం పొద్దున పాటలు మొదలయ్యే వేళకు ఆమె ఎందుకో ఇల్లు అలకడం మొదలుపెట్టేది. సర్కారు లెక్కలో ఇప్పుడు వాళ్ళు నికార్సయిన క్రైస్తవులు. ఆ లెక్క కుదిరిన తరువాతే ఆమె చర్చికి దూరమైంది.

ఖాళీ అయిన సీటు ఎస్సీ పట్టికలో తరువాతి పిల్లకు పోయింది. ఆ పిల్ల శివలీల.

సంగతి తెలిసిన రోజున సుంకమ్మ తొట్టి దగ్గరికి రాలేదు. మరునాడూ రాలేదు. మూడో రోజు పొద్దుగూకే ముందు ఇంటికే వచ్చింది. లోపలికి రాకుండా గడపకు అవతల కూర్చుంది.

"నా బిడ్డ తోడు అక్కా. అర్జీ నేను పెట్టలేదు."

"నేను అన్లేదు కదమ్మే."

"పేటలో అంటాండారు."

జ్ఞానమణి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు పెట్టలేదు. మీ ఆయన?"

సుంకమ్మ గడప మీది సున్నం గోరుతో గీకింది. "అడిగినా అక్కా. గోడ కల్లా తిరిగి పండుకున్నాడు."

జ్ఞానమణికి కోపం రావాలి. దాని కోసం ఎదురుచూసింది కూడా. సుంకమ్మ మొగుడు గనిలోనే నడుము విరగ్గొట్టుకుని మంచం పట్టిన మనిషి. ఉన్నది ఒక్క కూతురు. అతని చోట తానుంటే ఏం చేసేదో ఆమె అడగదలుచుకోలేదు.

"యా దినం పోతాండాది పాప?"

"సోమవారం." సుంకమ్మ కళ్ళు ఎత్తలేదు. "నేను కడప చూడనే లేదక్కా. ఆడ చలికి రగ్గు కావల్నా? కంచం వాళ్ళే ఇస్తారా? ఎవర్ని అడగల్లో తెలీక..." అని ఆగిపోయింది. ఎవరిని అడుగుతున్నదీ అప్పుడు గుర్తొచ్చినట్టుంది. లేచి పోబోయింది.

"కంచం, గ్లాసు మనమే తీసకపోవల్ల" అంది జ్ఞానమణి. "బక్కెట్టుకు తాళం ఉండేది కొను. ల్యాకుంటే పోతాది."

లోపల స్తుతి తల దువ్వుకుంటోంది. జుట్టులో నుంచి రాతి దుమ్ము రాలుతోంది. దువ్వెన ఆగింది.

"చిన్నమ్మా" అంది లోపలి నుంచే.

"ఏం తల్లీ."

"మొదటి వారంలోనే శవాల రూముకు తీసకపోతారు. వాసనకు కళ్ళు తిరుగుతాయి. ముఖం చూడొద్దని చెప్పు శివలీలకు. ముందు చేతులు చూడమను. చేతులు చూస్తే భయం ఉండదు."

సుంకమ్మ తల ఊపింది. జ్ఞానమణి కూతురి వైపు తిరిగింది గాని, స్తుతి అప్పటికే మళ్ళీ తల దువ్వుకుంటోంది.

– దీవెనమ్మ, వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉండేది మైదుకూరులో, చిన్న కూతురి ఇంట్లో.